ఫ్యాక్టరీలో ప్రాణానికి పూచీ ఎవరిది?

సంగారెడ్డి జిల్లా పాశమైలారంలోని సిగాచీ ఫ్యాక్టరీలో 2025 జూన్ 30న జరిగిన పేలుడు 54 మందిని బలి తీసుకుంది. కొందరి ఆనవాళ్లు కూడా దొరకలేదు. వాళ్ల కుటుంబాలు రోజుల తరబడి గేటు దగ్గర, ఆస్పత్రుల దగ్గర ఎదురుచూసి, చివరికి చనిపోయినట్టే అని అధికారులు చెబితే నమ్మాల్సి వచ్చింది. అంతకు పది నెలల ముందు, 2024 ఆగస్టు 21న, అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం సెజ్‌లోని ఎసెన్షియా ఫార్మా యూనిట్‌లో కారిన సాల్వెంట్ (తేలిగ్గా అంటుకునే ద్రావకం) ఆవిరి అంటుకుని 17 మంది పోయారు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరిన్ అనే విష రసాయనం ఆవిరి లీకైనప్పుడు పోయిన 12 ప్రాణాలు చుట్టుపక్కల జనానివి. వాళ్లు ఆ ఫ్యాక్టరీలో పనికి వెళ్లినవాళ్లు కాదు, నిద్రలో ఉన్నవాళ్లు.

ఇలాంటి ప్రమాదం జరిగిన ప్రతిసారీ ఒక మాట వినిపిస్తుంది: "వీళ్లకి ఎంత చెప్పినా వినరండీ, మాస్క్ పెట్టుకోరు, హెల్మెట్ పెట్టుకోరు." ఫ్యాక్టరీ మేనేజర్లు అంటారు, టీవీ చర్చల్లో కూర్చున్నవాళ్లు అంటారు, కొన్నిసార్లు తోటి కార్మికులే అంటారు. ఈ మాటను ఊరికే కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. ఎందుకంటే చట్టం నిజంగానే కార్మికుడి మీద కూడా బాధ్యత పెట్టింది. ఎంత పెట్టింది, ఎక్కడ ఆగింది అన్నది చూడాలి.

1948 ఫ్యాక్టరీల చట్టంలో 111వ సెక్షన్ ఉండేది. రక్షణ పరికరాన్ని కార్మికుడు కావాలని పాడుచేయకూడదు, దుర్వినియోగం చేయకూడదు. తనకు గానీ ఇతరులకు గానీ అపాయం తెచ్చే పని తెలిసి తెలిసి చేయకూడదు. తనకు ఇచ్చిన పరికరాన్ని కావాలని వాడకుండా ఉండకూడదు. 2025 నవంబర్ 21 నుంచి దాని స్థానంలో అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ కూడా ఈ బాధ్యతల్ని కొనసాగించింది. ఉల్లంఘిస్తే కార్మికుడికి 10 వేల రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. పాత చట్టంలో 111వ సెక్షన్ ఉల్లంఘనకు జరిమానా 100 రూపాయలే, కానీ మూడు నెలల దాకా జైలూ ఉండేది. కాబట్టి "అంతా యజమానిదే, మాకేమీ లేదు" అని ఏ కార్మికుడూ అనలేడు.

అయితే 111వ సెక్షన్‌లో ప్రతి షరతుకూ ముందు "కావాలని" అని ఉండేది. పరికరం విషయానికొస్తే, కార్మికుల భద్రత కోసం ఫ్యాక్టరీ ఇచ్చిన పరికరం గురించే ఆ సెక్షన్ మాట్లాడింది. యజమాని ముందు పరికరం ఇవ్వాలి, అది పనిచేసేదై ఉండాలి, ఎలా వాడాలో నేర్పాలి. ఆ తర్వాతే కార్మికుడి బాధ్యత మొదలవుతుంది. సాల్వెంట్ ఆవిరిని ఆపే మాస్క్‌కి కాట్రిడ్జ్, అంటే గాలిని వడగట్టే డబ్బా, ఉంటుంది. దానికి గడువు ఉంటుంది. గడువు దాటిన కాట్రిడ్జ్‌తో మాస్క్ పెట్టుకున్నా పెట్టుకోకపోయినా పెద్ద తేడా ఉండదు. కాట్రిడ్జ్ మార్చాల్సింది హెల్పర్ కాదు, స్టోర్స్‌కి ఇండెంట్ (సరుకు కావాలని రాసే కోరిక పత్రం) పెట్టే అధికారం ఉన్నవాడు, ఆ ఇండెంట్‌కి డబ్బు మంజూరు చేసేవాడు. రియాక్టర్‌లోకి (రసాయన చర్య జరిగే పాత్రలోకి) మెటీరియల్ వేసేటప్పుడు స్టాటిక్ కరెంట్ పేరుకోకుండా ఎర్తింగ్ ఉందో లేదో చూసుకోవాల్సిందీ నిన్న కాంట్రాక్టర్ తీసుకొచ్చిన కుర్రాడు కాదు.

యజమాని బాధ్యత ఎంతవరకు అన్న ప్రశ్నకు కొత్త కోడ్‌లోని 6వ సెక్షన్ జవాబిస్తుంది. ప్రమాదాలు లేని పని స్థలం ఇవ్వాలి, ప్రభుత్వం నిర్దేశించిన కార్మికులకు ఏటా ఉచితంగా వైద్య పరీక్షలు చేయించాలి, నియామక పత్రం ఇవ్వాలి, భద్రత కోసం చేసే ఏ ఖర్చునూ కార్మికుడి నుంచి వసూలు చేయకూడదు. ఇవి కాక ఇంకో మాట ఉంది. ఫ్యాక్టరీ ఆవరణలో ఉన్న మనుషుల భద్రతకు, వాళ్లు అక్కడ ఉన్న సంగతి యజమానికి తెలిసినా తెలియకపోయినా, ఆయనే బాధ్యుడు. "ఆ మనిషి మా రోల్స్‌లో లేడు, కాంట్రాక్టర్ మనిషి" అన్న జవాబుకి ఈ మాటతో తావు లేకుండా పోవాలి. పాశమైలారంలో పేలుడు జరిగినప్పుడు లోపల ఎంతమంది ఉన్నారన్న లెక్క తేలడానికే రోజులు పట్టింది. బిహార్ నుంచి, ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలు తమ మనిషి ఆ షిఫ్ట్‌లో ఉన్నాడని రుజువు చేసుకోవాల్సి రావడం ఎంత ఘోరమో ఆలోచించండి.

ఇక యజమాని అంటే ఎవరు? కంపెనీకి రూపం లేదు, జైలుకి వెళ్లదు. అందుకే ఫ్యాక్టరీల చట్టం "ఆక్యుపైయర్" అనే స్థానం పెట్టింది. ఫ్యాక్టరీ మీద అంతిమ అజమాయిషీ ఎవరిదో వాళ్లే ఆక్యుపైయర్. ఒకప్పుడు చాలా కంపెనీలు జీతానికి పనిచేసే ఏదో ఒక మేనేజర్ పేరు ఆ స్థానంలో రాసేవి. 1987 సవరణ ఆ దారి మూసింది. కంపెనీ అయితే డైరెక్టర్లలో ఒకరే ఆక్యుపైయర్ కావాలంది. కంపెనీలు కోర్టుకెక్కాయి. 1996లో జె.కె. ఇండస్ట్రీస్ కేసులో సుప్రీంకోర్టు, డైరెక్టర్ తప్ప ఉద్యోగి ఆక్యుపైయర్ కాలేడని తేల్చి చెప్పింది. ఈ తీర్పు నాకు చాలా విలువైనదిగా కనిపిస్తుంది. లాభం నిర్ణయం ఎక్కడ జరుగుతుందో, పాత డ్రైయర్ (ఆరబెట్టే యంత్రం) మార్చాలా వద్దా అన్న నిర్ణయం కూడా అక్కడే జరుగుతుంది. షిఫ్ట్ ఇన్‌ఛార్జిని అరెస్ట్ చేసి ఫొటో ఇస్తే ఆ నిర్ణయం మారదు.

పరిహారం విషయంలో చట్టం ఇంకా స్పష్టంగా ఉంది. తాగి పనిలోకి వచ్చినా, స్పష్టంగా చెప్పిన భద్రత ఆదేశాన్ని కావాలని ధిక్కరించినా, రక్షణ కవచాన్ని కావాలని తీసేసినా, గాయపడిన కార్మికుడికి పరిహారం నిరాకరించవచ్చని 1923 పరిహార చట్టం చెప్పింది, 2025 నవంబర్ 21 నుంచి దాని స్థానంలోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్ కూడా అదే అంటుంది. కానీ ఆ ప్రమాదంలో మనిషి చనిపోయినా, శాశ్వతంగా పూర్తి వికలాంగుడైనా ఆ మినహాయింపు వర్తించదు. అంటే తప్పు కార్మికుడిదే అని రుజువైనా సరే, అతని భార్యాబిడ్డలకు యజమాని పరిహారం ఇవ్వాల్సిందే. మరణం విషయంలో బ్రిటిష్ కాలంలోనే ఇంత దూరం ఆలోచించారు. "మాస్క్ పెట్టుకోలేదు" అనే వాదన చనిపోయినవాడి కుటుంబం ముందు చట్టపరంగా ఎందుకూ పనికిరాదని తెలియక ఎంతోమంది కాంట్రాక్టర్ చేతిలో పెట్టిన నగదు తీసుకుని, తెల్ల కాగితం మీద సంతకం చేసి ఊరికి వెళ్లిపోతున్నారు. ప్రభుత్వం ప్రకటించే ఎక్స్‌గ్రేషియా వేరు, ఇది వేరు. ఎక్స్‌గ్రేషియా దయతో ఇచ్చేది. ఇది హక్కు.

ఫ్యాక్టరీ గోడ దాటి జరిగే నష్టానికైతే కోర్టు మరింత కఠినంగా నిలబడింది. 1985 డిసెంబర్‌లో ఢిల్లీలో శ్రీరామ్ ఫ్యాక్టరీ నుంచి ఓలియం అనే ఆమ్ల వాయువు లీకైన కేసులో, 1986లో జస్టిస్ పి.ఎన్. భగవతి నేతృత్వంలోని ధర్మాసనం సంపూర్ణ బాధ్యత సూత్రాన్ని చెప్పింది. ప్రమాదకరమైన పరిశ్రమ నడిపి లాభం తీసుకునేవాళ్లు "మేం అన్ని జాగ్రత్తలూ తీసుకున్నాం" అని తప్పించుకోలేరు. కంపెనీ ఎంత పెద్దదైతే పరిహారం అంత పెద్దది కావాలి. విశాఖ దుర్ఘటనపై రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ ఆ రాత్రి సైరన్ మోగించలేదని, ట్యాంకులో ఉష్ణోగ్రత చూసే ఏర్పాట్లు సరిగా లేవని, పాలిమరైజేషన్‌ను, అంటే స్టైరిన్ తనంత తానే వేడెక్కి గట్టిపడటాన్ని, ఆపే రసాయనం తగినంత లేదని చెప్పింది. ఇందులో ఫ్యాక్టరీ పక్కన నిద్రపోతున్న వెంకటాపురం మనుషుల తప్పు ఏముంది?

ఇంతవరకు చెప్పింది ప్రమాదం జరిగాక ఎవరు లెక్క చెప్పాలన్నది. ప్రాణం నిలబెట్టగల అసలు నిబంధన మాత్రం వేరు. అది కార్మికుడి హెచ్చరిక హక్కు.

ఇది భోపాల్ నుంచి వచ్చింది. 1984 డిసెంబర్‌లో యూనియన్ కార్బైడ్ గ్యాస్ వేలమందిని చంపడానికి మూడేళ్ల ముందే, 1981లో, ఆ ఫ్యాక్టరీలో ఫాస్జీన్ అనే విషవాయువు తగిలి ఒక కార్మికుడు చనిపోయాడు. అక్కడి కార్మికులు మొత్తుకున్నారు. జర్నలిస్టు రాజ్‌కుమార్ కేశ్వానీ 1982లోనే ఊరికి ముప్పు ఉందని రాశారు. ఎవరూ వినలేదు. 2010లో భోపాల్ కోర్టు భారతీయ అధికారులకు వేసిన శిక్ష రెండేళ్లు. దాదాపు 26 ఏళ్ల తర్వాత రెండేళ్లు! భోపాల్ అనుభవం వల్లే 1987లో ఫ్యాక్టరీల చట్టంలో ప్రమాదకర ప్రక్రియలపై కొత్త అధ్యాయం చేర్చారు. తక్షణ ప్రమాదం ఉందని కార్మికుడికి అనిపిస్తే యాజమాన్యానికి నేరుగా గానీ సేఫ్టీ కమిటీలోని ప్రతినిధుల ద్వారా గానీ చెప్పవచ్చు, అదే సమయంలో ఇన్‌స్పెక్టర్‌కీ చెప్పవచ్చు. యాజమాన్యం వెంటనే సరిచేసి ఇన్‌స్పెక్టర్‌కి నివేదిక పంపాలి. కొత్త కోడ్ ఈ హక్కుని ఉద్యోగులందరికీ ఇచ్చింది. కాగితం మీద ఇది మంచి అడుగే.

మరి ఎందుకు పనిచేయడం లేదు? పాశమైలారం పేలుడు తర్వాత ఒక మృతుడి కుమారుడు పోలీసులకిచ్చిన ఫిర్యాదులో, పాత యంత్రాల గురించి తన తండ్రి యాజమాన్యానికి చెప్పినా పట్టించుకోలేదని ఆరోపించినట్టు వార్తలొచ్చాయి. కోర్టులో ఏం తేలుతుందో చూడాలి. కానీ మన పారిశ్రామికవాడల్లో పనిచేసిన ఎవరినైనా అడగండి, ఈ మాట కొత్తగా ఏమీ అనిపించదు. సూపర్‌వైజర్‌కి చెబితే "ముందు బ్యాచ్ కానీ, తర్వాత చూద్దాం" అంటాడు. రెండోసారి చెబితే కాంట్రాక్టర్ నుంచి ఫోన్ వస్తుంది, రేపటి నుంచి రావద్దని. పన్నెండు గంటల షిఫ్ట్ చేసే మనిషికి ఆ ఫోన్ కంటే పెద్ద టెన్షన్ ఇంకోటి లేదు. అతను హక్కు వాడుకోకపోవడం నిర్లక్ష్యం కాదు, ఇంటికి డబ్బు పంపాలన్న బాధ్యత.

అపాయం ఉందని నమ్మి పని ఆపి పక్కకు తప్పుకున్నవాడిని శిక్షించకూడదని 1981 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ 155వ ఒప్పందం చెబుతుంది. బ్రిటన్‌లో అలా తప్పుకున్నందుకు ఉద్యోగం తీసేస్తే అది అన్యాయమైన తొలగింపు అవుతుంది. మన కోడ్ "చెప్పు" అంటుంది. "చెప్పినందుకు నిన్నెవరూ తీసేయలేరు" అని అంత గట్టిగా అనదు. నా దృష్టిలో మొత్తం వ్యవస్థలో అతిపెద్ద లోపం ఇదే.

రెండో లోపం కొత్తగా వచ్చింది. ప్రమాదకర ప్రక్రియ ఉన్న ప్రతి ఫ్యాక్టరీలో కార్మికులు, యాజమాన్యం సమాన సంఖ్యలో ఉండే సేఫ్టీ కమిటీని పాత చట్టం తప్పనిసరి చేసింది. ఎంతమంది పనిచేస్తున్నారన్న లెక్క అడగలేదు. కొత్త కోడ్ కమిటీ ఏర్పాటును ప్రభుత్వ ఉత్తర్వుకి వదిలేసింది. సేఫ్టీ ఆఫీసర్‌ని పెట్టడానికి కూడా ప్రమాదకర ఫ్యాక్టరీలో 250 మంది ఉండాలంది. రసాయనానికి తల లెక్క తెలియదు. అరవై మంది పనిచేసే యూనిట్‌లో ఉన్న సాల్వెంట్ ట్యాంకు ఆరువందల మంది ఉన్న చోట ఎలా పేలుతుందో అలాగే పేలుతుంది.

మరణం సంభవిస్తే కనీస జరిమానాను 25 వేల నుంచి 5 లక్షలకు పెంచడం, అందులో కనీసం సగం బాధిత కుటుంబానికి ఇప్పించే అధికారం కోర్టుకివ్వడం బాగానే ఉన్నాయి. జైలు శిక్ష మాత్రం పాత రెండేళ్ల గరిష్ఠం దగ్గరే ఉంది. పైగా అది "జైలు లేదా జరిమానా" అన్న రూపంలో ఉంది. జరిమానా కట్టి బయటపడే వీలు మిగిలే ఉంది. కోట్ల టర్నోవర్ ఉన్న కంపెనీకి 5 లక్షలు భయపెట్టే మొత్తం కాదు.

కోడ్ చాలా విషయాల్ని రాష్ట్రాల నియమాలకు, ఉత్తర్వులకు వదిలింది కాబట్టి ఇక్కడ అడగాల్సింది హైదరాబాద్‌నీ అమరావతినీ. ఫార్మా, కెమికల్ యూనిట్లు ఇంత గుబురుగా ఉన్న రెండు రాష్ట్రాలివి. ప్రమాదకర ప్రక్రియ ఉన్న ప్రతి యూనిట్‌లో, మనుషుల సంఖ్యతో నిమిత్తం లేకుండా సేఫ్టీ కమిటీ ఉండాలని ఉత్తర్వు ఇవ్వాలి. అందులో కాంట్రాక్ట్ కార్మికుల ప్రతినిధి తప్పకుండా ఉండాలి, ఎందుకంటే రియాక్టర్ దగ్గర నిలబడేది వాళ్లే. శిక్షణ హిందీలో, ఒడియాలో, తెలుగులో, అంటే ఆ షిఫ్ట్‌లో ఉన్నవాళ్లకు అర్థమయ్యే భాషలో జరగాలి. అర్థం కాని ఆదేశాన్ని ధిక్కరించాడనడానికి వీల్లేదు. అపాయం గురించి ఫిర్యాదు చేసిన కార్మికుడిని ఆ తర్వాత ఆరు నెలల్లో తీసేస్తే, దానికీ ఫిర్యాదుకీ సంబంధం లేదని రుజువు చేసుకోవాల్సిన భారం కాంట్రాక్టర్ మీదా ప్రధాన యజమాని మీదా పడాలి. దీనికి నియమం చాలకపోతే రాష్ట్ర శాసనసభ సవరణ తేవాలి. కార్మికుడు తన భాషలో ఫోన్ చేసి చెప్పగలిగే నంబరు ప్రతి గేటు మీదా ఉండాలి. ఆ ఫోన్ వచ్చిన తేదీ, ఇన్‌స్పెక్టర్ వెళ్లిన తేదీ, ఏం సరిచేశారో ఫ్యాక్టరీల శాఖ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకునేలా పెట్టాలి.