రంగు మారితే పొలం పోదు

పక్కపక్కనున్న ఊళ్లు కలిసి ఒకే భూ వినియోగ ప్రణాళిక వేసుకుంటే మన కొంప మునిగినట్టేనంటూ ఒక మెసేజ్ తిరుగుతోంది. ఈ వారం నాకు ఐదుసార్లు వచ్చింది. పంపినవాళ్లంతా కావలసినవాళ్లే, అదే బాధ.

'పన్నులు రెట్టింపవుతాయి' అట. జోనింగ్ మ్యాపులో, అంటే ఏ నేల దేనికి వాడాలో రంగులతో చూపే మ్యాపులో, పన్ను రేట్లు ఉండవు. తర్వాతది చూద్దాం.

'ప్రపంచంలో ఎక్కడా లేదు' అట. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్‌కీ చుట్టుపక్కల ఊళ్లకీ కలిపి 'వేళ్ల ప్లాన్' గీసింది 1947లో. రైలు మార్గాల వెంట వేళ్లలా ఇళ్లు, వేళ్ల సందుల్లో పచ్చదనం. ప్రపంచమంటే మన వాట్సాప్ గ్రూపొక్కటే కాదు మరి.

'మన ఊరి పెత్తనం పోతుంది.' ఏ పెత్తనం? మన మ్యాపులో 60 అడుగుల రోడ్డు పొలిమేర దాకా దర్జాగా వెళ్తుంది, అవతలి ఊరి మ్యాపులో అదే రోడ్డు 30 అడుగులకు కుంచించుకుపోతుంది. ఎగువ ఊరు వాగు పక్కన లేఅవుట్లకు అనుమతిస్తుంది, నీళ్లు దిగువ ఊరి ఇళ్లలోకి వస్తాయి. ఫ్యాక్టరీ మా ఊరికి రావాలంటే మా ఊరికని కొట్టుకోవడం సరేసరి. అమెరికాలో మినియాపొలిస్, సెయింట్ పాల్ చుట్టుపక్కల ఊళ్లకు ఈ కొట్లాట తగ్గించడానికే 1971లో చట్టం వచ్చింది. వాణిజ్య, పారిశ్రామిక ఆస్తుల పన్ను పునాదిలో, అంటే పన్ను వేసే విలువలో, పెరుగుదల ఎంతో, అందులో 40 శాతం ఊళ్లన్నీ పంచుకునే ఉమ్మడిలోకి పోతుంది. ఆ ఊళ్లకు కౌన్సిళ్లు ఇప్పటికీ ఎవరివి వారికే ఉన్నాయి.

ఇక అసలు విషం ఇది: 'మీ పొలం మ్యాపులో ఆకుపచ్చగా ఉంటే ప్రభుత్వం లాగేసుకున్నట్టే, ఇప్పుడే అమ్ముకోండి.' మెసేజ్‌తో వచ్చిన ఫొటో పెద్దది చేసి చూశాను. ఎర్రగా సున్నా చుట్టారు గానీ, ఏ రంగుకు ఏ అర్థమో చెప్పే మూలనున్న పట్టీని మాత్రం కత్తిరించేశారు. ఎంత శ్రద్ధ! జోన్ వేరు, భూసేకరణ వేరు. సేకరించాలంటే నోటీసు, విచారణ, పరిహారం అని వేరే తతంగం ఉంటుంది. పచ్చరంగు పడ్డాక కూడా పట్టా మీ పేరునే ఉంటుంది, దున్నుకోవచ్చు, పిల్లలకు రాసివ్వచ్చు. అందరూ భయపడి అమ్ముతుంటే కొనేదెవరో ఆ మెసేజ్ చెప్పదు. వాళ్లకు మ్యాపు చదవడం బాగానే వచ్చనుకుంటాను.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. పచ్చ జోన్‌లో ప్లాట్లు వేయలేరు, ధర పడిపోవచ్చు. గీతకు ఇవతల ఉన్నవాడు కోటీశ్వరుడై, అవతలివాడు చూస్తూ కూర్చోవడం న్యాయం కాదు. 1973 నుంచి రాష్ట్రమంతా భూ ప్రణాళిక నడుపుతున్న అమెరికాలోని ఒరెగాన్‌లోనే 2004లో జనం ఓటేసి మరీ పరిహారమైనా ఇవ్వండి, ఆంక్షలైనా ఎత్తేయండి అన్నారు. 2007లో మళ్లీ ఓటేసి దాన్ని కుదించుకున్నారు. పరిహారం సంగతేంటని ఆ మెసేజ్ అడిగి ఉంటే నేనే పదిమందికి పంపేవాణ్ణి.