ట్యాంకు మీద మోకాలి ప్యాడ్లు వట్టి షోకేనా?

బైకు నడిపేవాళ్ల మధ్య ఒక మాట చాన్నాళ్లుగా తిరుగుతోంది. పెట్రోలు ట్యాంకుకి రెండు పక్కలా ఉండే మోకాలి ప్యాడ్లు వట్టి షోకు అని. వాళ్ల వాదన సుమారుగా ఇది: పాత ఇంగ్లండు బళ్లకి అందం కోసం పెట్టారు, ఇప్పుడు మనవాళ్లు రెట్రో లుక్ కోసం అతికించుకుంటున్నారు. మహా అయితే పెయింటుకి గీతలు పడకుండా ఆపుతాయి. నడపడం వచ్చినవాడికి తొడల పట్టు చాలు. నిజంగా అవసరమైతే కంపెనీలే అన్ని బళ్లకీ ఇచ్చేవి. పైగా మన రోడ్ల మీద, మన స్పీడులకి అవి దేనికి?

ఇది విని కొత్తగా బండి కొన్న కుర్రాళ్లు బండితో వచ్చిన ప్యాడ్లు కూడా పీకించేస్తున్నారు. అది చూసే ఇది రాస్తున్నాను.

ముందు ఆ "అందం కోసం పెట్టారు" అన్న మాట. 1920లు, 30లలో ఇంగ్లండు బళ్లలో చాలావాటికి వెనక చక్రానికి స్ప్రింగులే ఉండేవి కావు. చక్రం నేరుగా ఫ్రేముకి బిగించి ఉండేది. సీటు కింద రెండు స్ప్రింగులు, అంతే. గతుకు తగిలితే మనిషి సీటు మీద నుంచి లేచిపోయేవాడు. అలా లేచినప్పుడు బండికీ మనిషికీ మధ్య మిగిలేవి మూడే: చేతులు, పాదాలు, ట్యాంకుని నొక్కిపట్టిన మోకాళ్లు. అందుకే అక్కడ రబ్బరు పెట్టారు. ఐల్ ఆఫ్ మ్యాన్ టీటీ అనే పేరుమోసిన బైకు రేసులో పరుగెత్తిన బళ్లకి కూడా ఈ రబ్బర్లు ఉండేవి. బరువు తగ్గించడానికి నానా తంటాలు పడే రేసు బండికి అందం కోసం రబ్బరు ముక్కలు ఎవరు బిగిస్తారు? మన దగ్గర పాత బుల్లెట్లకీ, మైసూరులో తయారైన జావాలకీ ఉన్న రబ్బర్లు ఆ వారసత్వమే. చూడ్డానికి బాగుంటాయి, నిజమే. కానీ పనికోసం పుట్టి, ఆ తర్వాత కంటికి అలవాటై అందం అనిపించుకున్నాయి.

పెయింటు సంగతి: కాపాడతాయి. ప్యాంటు జిప్పులు, రెయిన్‌కోటు మీద అంటుకున్న ఇసుక, ఇవన్నీ ట్యాంకు మెరుపుని తినేస్తాయి. అది కూడా ఉపయోగమే కదా. ఇక్కడ ఎక్కువ చెప్పేదేం లేదు.

అసలు పేచీ "నడపడం వచ్చినవాడికి తొడల పట్టు చాలు" అన్న దగ్గరుంది. వినడానికి బాగుంటుంది కాబట్టి ఈ మాటే ఎక్కువ చెడుపు చేస్తోంది.

ఒక చిన్న లెక్క చూద్దాం. బండి 60 కిలోమీటర్ల స్పీడులో ఉంది. ఎదురుగా గేదె వచ్చింది. 20 మీటర్లలో ఆపాలి. రెండున్నర సెకన్లలోపే బండి ఆగుతుంది. కానీ 70 కిలోల మనిషి అంత తొందరగా ఆగడు. ఆ కాసేపూ అతని ఒంటిని ముందుకి నెట్టే బలం దాదాపు 50 కిలోల బరువుతో సమానం. ఒక సిమెంటు బస్తా అనుకోండి. అందులో కొంత సీటు ఆపుతుంది, కొంత ఫుట్‌రెస్టుల మీద పాదాలు ఆపుతాయి. మిగిలింది మోకాళ్లయినా ఆపాలి, చేతులైనా ఆపాలి. చేతులు ఆపితే మోచేతులు బిగుసుకుపోతాయి, హ్యాండిల్ కూడా బిగుసుకుంటుంది. సరిగ్గా అదే సమయానికి గేదెని తప్పించడానికి హ్యాండిల్ తేలిగ్గా తిరగాలి. బ్రేకు మీదున్న వేళ్లకి కూడా లివర్‌ని కొలిచినట్టు నొక్కే స్వేచ్ఛ ఉండాలి. ఒంటి బరువంతా అరచేతుల మీద పడ్డాక ఆ స్వేచ్ఛ ఎక్కణ్ణుంచి వస్తుంది?

సరే, మోకాళ్లతోనే ఆపుదాం. ఒక్కో మోకాలితో 20 కిలోల బలంతో నొక్కారనుకోండి, మొత్తం 40. ట్యాంకుకీ ప్యాంటుకీ మధ్య ఘర్షణ గుణకం, అంటే పట్టు ఎంతో చెప్పే అంకె, 0.2 ఉంటే ఆ నొక్కుడు ఆపగలిగేది 8 కిలోలే. అదే 0.7 ఉంటే 28 కిలోలు. మనిషి అతనే, తొడలు అవే, బలం అదే. మారింది తగిలే చోటు ఒక్కటే. పాలిష్ పట్టిన పెయింటు మీద తడి రెయిన్‌కోటు మొదటి లెక్కకి దగ్గర, రబ్బరు మీద జీన్స్ రెండో లెక్కకి దగ్గర. తొడల పట్టు ఉన్నవాడికి ప్యాడ్ అక్కర్లేదనడం, కాళ్లలో బలం ఉన్నవాడికి చెప్పుల అడుగు అరిగిపోయినా ఫరవాలేదు అనడం లాంటిది.

ఈ లెక్క నాకు ముందే తెలిసి కాదు, ఒళ్లు నొప్పి పెట్టాక తెలిసింది. ఒక ఆగస్టులో హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్తున్నాను. రెండు రోజుల ముందే ట్యాంకుకి మైనం పాలిష్ చేయించాను, అద్దంలా మెరిసిపోతోంది. మన్ననూరు దాటాక వాన మొదలైంది. ప్యాంటు మీద రెయిన్‌కోటు ప్యాంటు వేసుకున్నాను. ఈగలపెంట దాటి డ్యాము వైపు ఘాట్ దిగుతుంటే, ప్రతి హెయిర్‌పిన్ మలుపు ముందూ బ్రేకు వేయగానే సబ్బు మీద కూర్చున్నట్టు జర్రున ట్యాంకు మీదికి జారిపోవడమే. మళ్లీ వెనక్కి జరగడం, మళ్లీ మలుపు. డ్యాము దగ్గరికి వచ్చేసరికి రెండు అరచేతులూ తిమ్మిరెక్కాయి. క్లచ్ నొక్కడానికి వేళ్లు మూసుకోవడం లేదు. బండి ఆపి పది నిమిషాలు చేతులు విదిలించుకుంటూ నిలబడ్డాను. భయం వేసింది. ఇంకో నాలుగు మలుపులు ఉండి ఉంటే ఏమయ్యేదో.

తర్వాతి నెలలో ప్యాడ్లు వేయించి, అదే దారిలో, అదే రెయిన్‌కోటుతో వెళ్లాను. జారడం పూర్తిగా ఆగిందని చెప్పను. తడిస్తే రబ్బరు పట్టు కూడా కొంత తగ్గుతుంది. కానీ దిగేసరికి చేతులు నా చేతుల్లాగే ఉన్నాయి.

కంపెనీలే ఇచ్చేవి కదా అంటారు. ఇస్తున్నాయి. ట్రయంఫ్ బోన్‌విల్ టీ120కి ఈరోజుకీ ఫ్యాక్టరీ నుంచే రబ్బరు ప్యాడ్లు వస్తాయి. రాయల్ ఎన్‌ఫీల్డ్ కాంటినెంటల్ జీటీ 650కి ట్యాంకు పక్కలు మోకాళ్లు ఇమిడేలా లోపలికి నొక్కే తయారుచేశారు. మోటోజీపీ రేసు బళ్ల ట్యాంకు పక్కల కూడా పట్టు కోసం గరుకు పదార్థం అతికిస్తారు. ఒక్కొక్కరూ ఒక్కో దారిలో అదే సమస్యకి జవాబు వెతికారు. వంద సీసీ బళ్లకి ఎందుకు ఇవ్వరంటే, అక్కడ వంద రూపాయల తేడా కూడా అమ్మకాల మీద పడుతుంది. కంపెనీ ఇవ్వనిదల్లా అక్కర్లేనిదైతే ఆ బళ్లకి ట్యూబ్‌లెస్ టైర్లు కూడా ఒకప్పుడు అక్కర్లేదనే అనుకోవాలి.

"మన స్పీడులకి దేనికి" అనే మాట నాకు అన్నిటికంటే బాధ కలిగిస్తుంది. మన రోడ్ల మీద బండి మీద ఒక్కరే వెళ్లేది తక్కువ. వెనక భార్య, మధ్యలో పిల్లాడు, ఒళ్లో సంచి. బ్రేకు వేస్తే వాళ్లు కూడా ముందుకి జారి నడిపేవాడి వీపు మీద పడతారు. నేను పైన వేసిన 50 కిలోల లెక్క ఒక్క మనిషిది. వెనకవాళ్ల బరువు కూడా కలిస్తే ఆ మణికట్టులు ఎంత మోయాలో ఆలోచించండి. 40 స్పీడులో కుక్క అడ్డం వచ్చినా, కనబడని స్పీడ్ బ్రేకర్ ముందు బ్రేకు వేసినా ఇదే జరుగుతుంది. ఇంకొకటి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన ప్రతి కొత్త బండికీ ఏబీఎస్, అంటే బ్రేకు వేసినప్పుడు చక్రం లాక్ కాకుండా చూసే ఏర్పాటు, తప్పనిసరి. పాత డ్రమ్ బ్రేకులతో మనం అంత గట్టిగా ఆపగలిగేవాళ్లమే కాదు. ఇప్పుడు చక్రం లాక్ అవుతుందన్న భయం లేకుండా లివర్ పూర్తిగా నొక్కొచ్చు. బండి అంత గట్టిగా ఆగుతుంటే మనిషిని ఆపే ఏర్పాటు కూడా ఉండాలి కదా.

అయితే షోకు అనేవాళ్లు చూసిన ప్యాడ్లలో చాలావరకు నిజంగానే షోకువి. కార్బన్ ఫైబర్ బొమ్మ వేసిన నున్నటి స్టిక్కరు కూడా పెయింటులాగే జారుతుంది. ట్యాంకు నడిమధ్యన చేపముల్లు ఆకారంలో అతికించేది బెల్టు బకిల్ గీతల కోసం, దానికీ మోకాలికీ సంబంధం లేదు. మెత్తటి స్పాంజివి రెండు వానలకే ఊడిపోతాయి. అంచు లేచిన ప్యాడ్ కింద నీళ్లు నిలిస్తే పెయింటు ఉబ్బి తుప్పు పడుతుంది, ఆ ఫిర్యాదు కూడా నిజమే. పెట్రోలు ఒలికితే రబ్బరు ఉబ్బుతుంది, వెంటనే తుడవాలి. బాగా గరుకువి ప్యాంటు లోపలి వైపుని అరగదీస్తాయి.

అన్నిటికంటే పెద్ద తప్పు చోటు. షాపులో ట్యాంకు ఆకారం చూసి, కంటికి ఇంపుగా ఉన్నచోట అతికించేస్తారు. నాకూ అలాగే చేశారు. వారం తర్వాత అనుమానం వచ్చి, రెండు మోకాళ్ల లోపలి వైపు ప్యాంటుకి సుద్దముక్క బాగా రుద్ది, మామూలుగా కూర్చుని ఆఫీసుకి వెళ్లొచ్చాను. తెల్లటి మరక ప్యాడ్‌కి రెండు అంగుళాలు వెనక, కొంచెం కింద పడింది. ప్యాడ్ మీద ఒక్క చుక్క లేదు. ఆ సాయంత్రమే హెయిర్ డ్రయ్యరుతో వేడి చేసి మెల్లగా పీకి, ట్యాంకు శుభ్రం చేసి, ఆ సుద్ద మరక మీదే మళ్లీ అతికించాను. శ్రీశైలం రెండోసారి వెళ్లింది ఆ తర్వాతే.