కొనేటప్పుడు డబ్బు.. అడిగితే ఉత్త అంకె!

ఆన్‌లైన్ గేముల్లో కరెన్సీ కొనే ముందు ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కించుకునే నిబంధనల అడుగున ఒక వాక్యం ఉంటుంది. ఈ నాణేలకు నగదు విలువ లేదు, ఇవి మీ ఆస్తి కావు, వాడుకోవడానికి అనుమతి మాత్రమే ఇస్తున్నాం, ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు అన్నది దాని సారాంశం. అదే సంస్థ స్టోరులో, అవే నాణేల బొమ్మ పక్కన, 99.99 డాలర్ల ప్యాక్ మీద ‘బెస్ట్ వాల్యూ’ అని ముద్ర వేసి ఉంటుంది. విలువే లేనిదానికి మంచి విలువ ఎక్కడి నుంచి వచ్చింది?

సీజన్ మారిన ప్రతిసారీ ఇదే తంతు. రోజువారీ మిషన్ల రాబడికి కాస్త కోత పెడతారు, కొత్త స్కిన్ (పాత్రకో ఆయుధానికో తొడిగే అలంకరణ) ధర కాస్త పెంచుతారు, ఆటగాళ్లు గగ్గోలు పెడితే క్షమాపణ కానుకగా నాలుగు జెమ్స్ విదిలిస్తారు. రచ్చ అక్కడితో సద్దుమణుగుతుంది. ఈ పత్రిక అభ్యంతరం ధర మీద కాదు. ఒకే నాణేన్ని జేబులో వేసుకునేటప్పుడు డబ్బుగా, బాధ్యత పడాల్సి వచ్చినప్పుడు వట్టి అంకెగా చూపే రెండు నాలుకల ధోరణి మీద. ఈ ధోరణి గేముల వ్యాపారానికి ఆనవాయితీ అయిపోయింది. ఎవరూ అడ్డుకోకపోతే రేపు మనం డబ్బులు పోసి నింపే ప్రతి యాప్ వ్యాలెట్టూ ఇదే దారి పడుతుంది.

ముందు ప్యాకుల లెక్క చూద్దాం. 2020లో వాలరెంట్ అనే తుపాకుల గేము విడుదలైనప్పుడు అమెరికా ధరల్లో 475 పాయింట్లు 4.99 డాలర్లు, 1,000 పాయింట్లు 9.99, 2,050 పాయింట్లు 19.99. మోజుపడే ప్రీమియం తుపాకీ స్కిన్ ధర 1,775. ఏ ప్యాకూ దానికి సరిగ్గా సరిపోదు. 2,050 కొంటే 275 మిగులుతాయి. వెయ్యికి రెండు 475లు కలిపితే 1,950. అప్పుడూ ఇరవై డాలర్లే, మిగిలేది 175. ఆ మిగులుతో కొనదగింది పెద్దగా ఉండదు, వాపసు రాదు. స్టోరు తెరిచిన ప్రతిసారీ పై మూలన వెక్కిరిస్తూ కనిపిస్తుంది, ఇంకో చిన్న ప్యాక్ కొంటే దీన్ని ‘వృథా కాకుండా’ చూసుకోవచ్చని ఊరిస్తుంది. ఇది కూడికలో దొర్లిన పొరపాటు కాదు. మిగులు సున్నా కాకుండా ఉండేలా ప్యాకుల సైజులు, వస్తువుల ధరలు పేర్చడం ఈ రంగంలో అందరికీ తెలిసిన విద్య.

రెండో కనికట్టు మారకపు రేటుతో. 2023 అక్టోబరులో ఫోర్ట్‌నైట్ గేము వెయ్యి వి-బక్స్ (దాని నాణేలు) ప్యాకును అమెరికాలో 7.99 నుంచి 8.99 డాలర్లకు పెంచింది. గేము లోపల 1,500 వి-బక్స్ స్కిన్ 1,500గానే ఉంది. లోపలి చీటీ మీద ఒక్క అంకె కదలకుండా బయట పన్నెండున్నర శాతం వడ్డించారు. ధరను డాలర్లలో రాసి ఉంటే ఆ పెంపు ప్రతి స్కిన్ పక్కనా కనిపించేది.

మరి సంపాదన? ‘పైసా పెట్టకుండా ఆడుకోవచ్చు’ అన్న మాట ఎంతవరకు నిలుస్తుందో గెన్షిన్ ఇంపాక్ట్ లెక్క చెబుతుంది. రోజువారీ నాలుగు కమిషన్లు (గేము అప్పగించే చిన్న పనులు) పూర్తిచేసి గిల్డులో హాజరు వేయించుకుంటే 60 ప్రిమోజెమ్స్, అంటే ఈ గేము నాణేలు. ఒక్క ‘విష్’కు, అంటే పాత్ర కోసం ఒకసారి లాటరీ లాగడానికి, 160. తొంభయ్యో లాగుడుకి అయిదు నక్షత్రాల పాత్ర ఖాయం, కానీ మనం కోరుకున్నదే రావాలని లేదు. అదృష్టం ముఖం చాటేస్తే ఇంకో తొంభై. అంటే గరిష్ఠంగా 180 విష్‌లు, 28,800 ప్రిమోజెమ్స్. కమిషన్ల మీదే ఆధారపడితే 480 రోజులు. ఈవెంట్లు, అబిస్ అనే పోరు, అప్‌డేట్ కానుకలు కలుపుకొంటే గడువు బాగా తగ్గుతుంది, నిజమే. కానీ ఆ కుళాయి ఎంత తిప్పాలో నిర్ణయించేది సంస్థే. ఆగలేనివాడికి, తొలిసారి ఇచ్చే రెట్టింపు ఆఫర్ లేకుండా, 99.99 డాలర్లకు 8,080 ప్రిమోజెమ్స్‌కు సరిపడే క్రిస్టల్స్ లెక్కన ఆ పాత్ర 350 డాలర్లు దాటుతుంది. ఈ 350 అన్న అంకె గేములో ఎక్కడా కనబడదు. డాలర్లతో జెనెసిస్ క్రిస్టల్స్, వాటితో ప్రిమోజెమ్స్, వాటితో ఫేట్ అనే టికెట్టు, దాంతో ఒక విష్. ఇన్ని మెట్లు దిగేసరికి ఎంత పోసామో లెక్క తెగిపోతుంది. ఈ గేము విషయంలోనే 2025 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2 కోట్ల డాలర్ల చెల్లింపుతో కేసు ముగించింది. లూట్ బాక్సులో (లోపల ఏముందో తెలియకుండా కొనే పెట్టె) ఏది వచ్చే అవకాశం ఎంతో, మారకపు రేటు ఎంతో చెప్పి తీరాలని షరతు పెట్టింది. అవకాశాలు ప్రకటించమనడం అతి జాగ్రత్త అనుకునేవారు దక్షిణ కొరియా వైపు చూడాలి. మేపుల్‌స్టోరీ గేములో డబ్బుకు అమ్మే క్యూబుల (ఆయుధాల శక్తులను అదృష్టం మీద మార్చే వస్తువులు) ఫలితాల సంభావ్యతను గుట్టుచప్పుడు కాకుండా తగ్గించి, కొన్ని కలయికలనైతే అసలు రాకుండా చేసినందుకు 2024 జనవరిలో అక్కడి నియంత్రణ సంస్థ నెక్సన్‌కు 1,160 కోట్ల వాన్‌లకు పైగా జరిమానా వేసింది.

ఇక అసలు ద్వంద్వనీతి. ఆటగాళ్లు గేములోని గోల్డ్‌ను తమలో తాము నిజమైన డబ్బుకు అమ్ముకుంటే ఐడీ బ్యాన్. కారణం సబబైనదే: బాట్లు (మనిషి బదులు ఆడే ప్రోగ్రాములు) రాత్రింబవళ్లు గోల్డ్ తవ్వి కుమ్మరిస్తే గేములోని వేలంశాలలో ధరలు ఆకాశానికంటుతాయి, కొత్తగా వచ్చినవాడి క్వెస్టు బహుమతి గడ్డిపోచకు కూడా చాలదు. అందుకే గోల్డ్ వచ్చే కుళాయిలతో పాటు అది బయటకు పోయే తూములూ పెడతారు. మరమ్మతు ఖర్చులు, వేలంశాలలో అమ్మకంపై కోత, ఖరీదైన వాహనాలు అందుకే. అంతవరకు బాగుంది. కానీ వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ 2015లో తానే టోకెన్ తెచ్చింది. ఒకరు 20 డాలర్లు పెట్టి కొని గోల్డ్‌కు అమ్ముతారు; గోల్డ్‌తో కొన్నవారికి 30 రోజుల ఆట సమయమో, 15 డాలర్ల స్టోరు బ్యాలెన్సో దక్కుతుంది. మధ్యలో అయిదు డాలర్లు సంస్థ గల్లాపెట్టెలోకి. గోల్డ్‌కు డాలర్ విలువ కట్టింది ఎవరు? ఆటగాడు కడితే నేరం, సంస్థ కడితే సదుపాయమా?

ఆటగాళ్లే గేములు తయారుచేసి సంపాదించుకోగల రోబ్లాక్స్‌లో ఇది ఇంకా బట్టబయలు. యాప్‌లో 400 రోబక్స్ (దాని నాణేలు) 4.99 డాలర్లు, అంటే డాలరుకు సుమారు 80. ఆ 80ని ఒక గేమ్ పాస్ (గేములో అదనపు సదుపాయం) మీద ఖర్చుపెడితే ఆ గేము సృష్టికర్తకు చేరేది 70 శాతం, 56 రోబక్స్. వాటిని నగదుగా మార్చుకునే రేటు చాలాకాలం రోబక్స్‌కు 0.0035 డాలర్లు, అంటే 20 సెంట్లలోపు. పైగా కనీసం 30,000 రోబక్స్ సంపాదిస్తేనే ఆ తలుపు తెరుచుకుంటుంది. సర్వర్ల ఖర్చు, యాప్ స్టోర్ల కమీషన్ ఉన్నాయని సంస్థ చెబుతుంది, ఉన్నాయి కూడా. కానీ ఒకే నాణేనికి కొనుగోలులో ఒక ధర, చెల్లింపులో మరో ధర కట్టే పెద్దమనిషి, నిబంధనల పేజీలో మాత్రం ‘దీనికి విలువ లేదు’ అని ఎలా రాస్తాడు?

విలువ ఉందో లేదో తేల్చిన దేశం ఒకటుంది. జపాన్‌లో 2010 నుంచి అమల్లో ఉన్న చెల్లింపు సేవల చట్టం ప్రకారం డబ్బుపెట్టి కొన్న గేమ్ కరెన్సీ ముందస్తు చెల్లింపు సాధనం. ఏటా మార్చి 31న, సెప్టెంబరు 30న ఆటగాళ్ల దగ్గర వాడకుండా ఉన్న మొత్తం కోటి యెన్‌లు దాటితే అందులో కనీసం సగానికి సంస్థ డిపాజిట్ కట్టాలి, లేదా బ్యాంకు హామీ వంటి పూచీ చూపాలి. గేము మూసేస్తే మిగిలిన సొమ్ము వాపసివ్వాలి. అందుకే అక్కడి గేముల్లో కొన్న జెమ్స్, ఉచితంగా వచ్చిన జెమ్స్ విడివిడిగా కనిపిస్తాయి. ఇక్కడా ఒక కన్నం ఉంది: ఆరు నెలల లోపే కాలం చెల్లే కరెన్సీకి ఈ చట్టం వర్తించదు. కొన్న నాణేలకు 180 రోజుల లోపు గడువు పెట్టే గేములు కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. అయినా మూల సూత్రం స్పష్టం. మరోచోట అదే గేము మూతపడితే ఏమిస్తారు? వీడ్కోలు సందేశం, ఒక మంచి వాల్‌పేపరు.

ఆట ఉచితం, ఇష్టమైనవారే ఖర్చుపెడుతున్నారు, పదుల దేశాల్లో అమ్మడానికి ఉమ్మడి నాణెం సౌకర్యం అని సంస్థలు వాదిస్తాయి. ఉమ్మడి నాణెం పెట్టుకోవద్దని ఎవరూ అనడం లేదు. దాని పక్కన అసలు ధర రాయడానికి చెయ్యి ఎందుకు రాదన్నదే ప్రశ్న. ఆటగాడి ఫోను ఏ దేశంలో ఉందో, ఏ కార్డు వాడుతున్నాడో, ఏ ఆఫర్‌కు కరుగుతాడో క్షణంలో పసిగట్టే స్టోరుకు ఒక భాగహారం చేతకాదా?

పిల్లల సంగతి సరేసరి. ఫోర్ట్‌నైట్ సంస్థ ఎపిక్ గేమ్స్ 2022 డిసెంబరులో అమెరికాలో 52 కోట్ల డాలర్లకు ఒప్పుకొని రెండు కేసులు ముగించింది. అందులో 24.5 కోట్లు ఆటగాళ్లకు వాపసు కోసం. ఒక్క బటన్ పొరపాటున తగిలితే కొనుగోలు జరిగిపోవడం, కార్డు వివరాలు భద్రమై ఉండగా తల్లిదండ్రుల అనుమతి లేకుండానే పిల్లలు వి-బక్స్ కొనేయడం, తమకు తెలియని ఖర్చుపై బ్యాంకుకు ఫిర్యాదు చేసినవారి ఖాతాలు మూసేయడం అక్కడి ఆరోపణలు. ఆ చివరిది మరీ ఘోరం. బ్యాంకు ద్వారా డబ్బు వెనక్కి తెచ్చుకుంటే ఐడీ లాక్ చేయడం ఒక్క సంస్థకే పరిమితం కాదు. ఏళ్ల తరబడి పోగేసిన స్కిన్లన్నీ తాకట్టులో ఉన్నట్టే. అందుకే వివాదం వస్తే ముందు గేము స్టోరు రిఫండ్ దారి తొక్కి, అది తేలాకే బ్యాంకు గడప ఎక్కాల్సిన దుస్థితి. ఫోనులో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగే సెట్టింగ్ పెట్టుకోవడం, కార్డు వివరాలు దాచకపోవడం ఇంటివాళ్లు చేసుకోగలిగినవి. అంతకుమించిన భారం వాళ్ల నెత్తిన రుద్దడం అన్యాయం.

యూరప్ వినియోగదారుల రక్షణ అధికారులు 2025 మార్చిలో మార్గదర్శక సూత్రాలు ఇచ్చారు: ధర అసలు కరెన్సీలో చూపాలి, అక్కర్లేని నాణేలు అంటగట్టే ప్యాకులు వద్దు, వాడని కరెన్సీని 14 రోజుల్లో వెనక్కిచ్చే హక్కు ఉండాలి. మంచి మాటలే, కానీ సూత్రాలు చట్టం కావు. సంస్థలకు ఆ తేడా మన కంటే బాగా తెలుసు. వస్తువు పక్కన అసలు ధర, కావలసినన్ని నాణేలే కొనే వీలు, కొన్నవీ ఉచితమైనవీ వేరువేరు ఖాతాలుగా, ఖర్చుపెట్టేటప్పుడు ఏవి ముందు కరుగుతాయో తెరమీదే చెప్పడం, గేము మూసేసిన నాడు మిగులు వాపసు. ఇందులో సాంకేతికంగా అసాధ్యమైనది ఒక్కటీ లేదు. జపాన్‌లో వ్యాపారం చేసే సంస్థలు వీటిలో సగం ఇప్పటికే చేస్తున్నాయి. అక్కడ వాపసిచ్చిన చేత్తోనే సరిహద్దు ఇవతల ‘నగదు విలువ లేదు’ అని సంతకం చేస్తున్నారు. ఈ రెండు కాగితాల్లో ఏది అబద్ధమో సంస్థలను నిలదీయకుండా, అప్పుడప్పుడూ ఒక జరిమానా విదిల్చి చప్పట్లు కొట్టించుకునే నియంత్రణాధికారులు జీతం దేనికి తీసుకుంటున్నట్టు?