అరుగు మీద ఆరుతున్న కాగితాలు

ముంపు నీరు తీసిన రెండో రోజున కోనసీమలో కౌలు రైతుల ఇళ్ల అరుగులు చూడండి. పదో తరగతి మార్కుల జాబితా, కుల ధ్రువపత్రం, ఆధార్ కార్డు వరసగా ఆరబెట్టి, ఎగిరిపోకుండా ఒక్కోదాని మీద కొబ్బరి చిప్ప పెట్టి ఉంటాయి. ఇంటర్ చదివే అమ్మాయి సిగ్నల్ కోసం ఫోన్ పట్టుకుని వీధిలోకీ ఇంట్లోకీ తిరుగుతుంటుంది. నాన్న పేరు నష్టం జాబితాలో ఎక్కిందో లేదో చూడాల్సింది ఆమే. ఆ ఇంట్లో చదువుకున్నది ఆమె ఒక్కతే మరి.

నాన్న చేలో ఉంటాడు. సార్వా (వానాకాలం వరి) కోతల వేళకే మనకు తుపాన్లు వస్తాయి. 2025 అక్టోబరు 28 అర్ధరాత్రి వేళ మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడూ చాలా చేలు కంకి మీదున్నాయి. పడిపోయిన చేలో నీరు నిలిచిందా, కంకికే మొలకలొస్తాయి. అందుకే బురదలో దిగి నాలుగేసి దుబ్బులు కలిపి నిలగడతారు. మొలక రాకుండా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి కంకుల మీద చల్లుతారు. కూలి ఇచ్చుకోలేని ఇంట్లో ఈ పనికి తల్లితో పాటు పిల్లలూ కాలేజీ మాని దిగాల్సిందే.

1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపాను వెయ్యి మందికి పైగా బలి తీసుకుంది. అప్పటి పిల్లలే ఇప్పటి తండ్రులు. ఆ తర్వాత ప్రాణాలు కాపాడటం మనం నేర్చుకున్నాం. హెచ్చరికలు ముందే అందుతున్నాయి, జనాన్ని పునరావాస కేంద్రాలకు తరలిస్తున్నారు. ఇది చిన్న విషయం కాదు. బతికి ఇంటికొచ్చిన కుటుంబం ఆ మర్నాటి నుంచి ఎలా నెట్టుకొస్తుందన్నదే ఇంకా ఎవరికీ పట్టలేదు.

కౌలుదారుకు సాగు హక్కు కార్డు కావాలంటే 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం భూయజమాని సంతకం పెట్టాలి. భూమి ఎక్కడ చేజారుతుందోనన్న భయంతో చాలామంది పెట్టరు. కార్డు లేకపోతే ఈ-క్రాప్‌లో, అంటే పంటల ఆన్‌లైన్ నమోదులో, ఎక్కువగా యజమాని పేరే ఉంటుంది, పరిహారమూ ఆయన ఖాతాకే పోతుంది. మక్తా (భూమికిచ్చే కౌలు) మాత్రం కౌలు రైతే కట్టాలి. ఆ అమ్మాయి ఫోన్‌లో ఎన్నిసార్లు వెతికినా నాన్న పేరు దొరకనిది ఇందుకే.

చేను ఎవరు చేశారో ఊళ్లో అందరికీ తెలుసు. నష్టం రాయడానికి వచ్చే సిబ్బంది ఇరుగుపొరుగు రైతుల్ని అడిగి, సాగుచేసినవారి పేరే రాయాలి. తడిసి పాడైన సర్టిఫికెట్లు పైసా తీసుకోకుండా మళ్లీ ఇవ్వాలి. ముంపు గ్రామాల విద్యార్థులను కాలేజీలు ఈ ఏడాది ఫీజు కోసం తొందరపెట్టకూడదు. ఫీజు టెన్షన్‌తో చదువు మానేసిన పిల్ల మళ్లీ తరగతికి రావడం ఎంత కష్టమో అధ్యాపకులకు తెలియంది కాదు.

పరిహారం దాళ్వాకు (రెండో పంట వరికి) నారు పోసేలోపే చేతికి అందాలి. ఆ తర్వాత వస్తే అది అప్పటికే తెచ్చిన అప్పు వడ్డీకి పోతుంది.