ఇంట్లో త్రీ ఫేజ్ ఎందుకంట!

"ఇంట్లో త్రీ ఫేజ్ ఎందుకండీ, ఏసీలు ఎక్కువున్నాయా?" అని అడిగాడు ఈ పొద్దున ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దునున్న మా పర్లాకిమిడి కరెంటాఫీసు కౌంటర్లో కూర్చున్న పెద్దమనిషి. నవ్వుతూనే అడిగాడు. త్రీ ఫేజ్ కనెక్షన్ కోసం, అంటే ఇళ్ళకి మామూలుగా వచ్చే ఒక్క కరెంటు వైరు (సింగిల్ ఫేజ్) బదులు మూడిమ్మని, పెట్టుకున్న నా కాగితాలు నవ్వుతూనే వెనక్కి తోశాడు. అన్నం కూడా తినకుండా కూర్చుని ఇది రాస్తున్నాను కాబట్టి మాట కాస్త కటువుగా వస్తే సర్దుకోండి.

ఏసీలు లేవు మహాప్రభో. కంప్రెసరుంది.

నా పోస్టులు చూసేవాళ్ళకి తెలుసు, మా పెరట్లో షెడ్డు వేసుకుని పాత స్కూటర్లు, బుల్లెట్లు విప్పి, తుప్పు వదలగొట్టి, రంగేసి మళ్ళీ రోడ్డెక్కిస్తుంటాను. పాతికేళ్ళు గొడ్లపాకలో పడున్న ఛాసిస్ తుప్పు ఎమరీ కాగితంతో గీకితే పోదు, బ్లాస్టింగ్ చెయ్యాలి, అంటే ఇసుకలాంటి గరుకు పొడిని గాలితో దాని మీదికి కొట్టాలి. దానికి గాలి కావాలి. టైర్లకి కొట్టే గాలి కాదు, గంటల తరబడి ఆగకుండా రావాల్సిన గాలి. 3 మిల్లీమీటర్ల చిన్న నాజిల్ పెట్టినా నిమిషానికి 20 ఘనపుటడుగుల దాకా లాగేస్తుంది. బెల్టు కంప్రెసర్లో ఒక్కో హార్స్ పవర్‌కి దగ్గర దగ్గర 4 ఘనపుటడుగులు వస్తాయి. అంటే 5 హెచ్‌పీ పెడితే వచ్చింది వచ్చినట్టే పోతుంది, మోటారు ఆగడమంటూ ఉండదు. అందుకే 7.5 హెచ్‌పీ తీసుకున్నాను. టెక్కలి వైపు ఒక రైస్ మిల్లులో, బియ్యంలో రంగు మారిన గింజలు ఏరే సార్టెక్స్ మిషనుకి గాలి ఇచ్చేదది. వాళ్ళు స్క్రూ కంప్రెసర్ కొనుక్కుని దీన్ని పాత ఇనుము కంటే కాస్త ఎక్కువ ధరకి వదిలించుకున్నారు. రెండు సిలిండర్లు, నా నడుమెత్తు ట్యాంకు. వ్యాన్లోంచి దించడానికి వచ్చిన కుర్రాళ్ళు "ఏటి అన్నా, ఇంట్లో రైస్ మిల్లు పెడతన్నావా" అన్నారు. వాళ్ళన్నా నవ్వొచ్చింది, సరదాకి అన్నారు కాబట్టి.

మోటారు మీద ప్లేటుకి పొరలు పొరలుగా ఆకుపచ్చ రంగు కొట్టేశారు మిల్లువాళ్ళు. థిన్నర్లో గుడ్డ ముంచి తుడుస్తుంటే ఒక్కొక్క అంకె బయటికొచ్చింది. 5.5 కిలోవాట్లు. 415 వోల్టులు. 1440 ఆర్‌పీఎం. చివర్లో చిన్న త్రికోణం గుర్తు. టెర్మినల్ బాక్సు మూత తీస్తే ఆరు స్టడ్లు, వాటి మధ్య మూడు ఇత్తడి పట్టీలు నిలువుగా, ధూళి, నూనె కలిసి నల్లగా గట్టిపడిపోయి ఉన్నాయి. డెల్టా అన్నమాట, అంటే మోటారు లోపలి మూడు చుట్లనీ త్రికోణంలా కలిపే పద్ధతి. ఆ గుర్తు ఎందుకు చెబుతున్నానంటే, ఇంక నాకు సలహాలివ్వాలని వేళ్ళు దురద పెడుతున్నవాళ్ళ కోసం.

ఎందుకంటే మోటారు వచ్చిన రోజు నుంచీ కరెంటు తప్ప అన్నీ ఇస్తున్నారు నాకు.

"కెపాసిటర్లు పెట్టి తిప్పెయ్ బావా, మా పొలంలో మోటారు అలాగే తిప్పుతాం" అన్నాడు మా బావమరిది. తిరుగుతుంది, కాదన్నదెవరు. పంపు మోటారు మెల్లగా వేగం అందుకున్నాక గానీ నీళ్ళ బరువు మీద పడదు, దానికి సరిపోతుంది. కంప్రెసర్ అలా కాదు, మొదటి చుట్టు నుంచే పిస్టన్ గాలిని తొయ్యాలి. కెపాసిటర్ మీద మోటారుకి ఉన్న సత్తువలో కొంతే వస్తుంది, మిగతాది వేడి. అది కొత్త పెళ్ళికొడుకులా అలిగి, కదలకుండా ఒకటే 'మ్‌మ్‌మ్' అంటూ నిలబడుతుంది, వైండింగు వాసన మాత్రం వీధి చివరికి వెళుతుంది. అన్‌లోడర్ వాల్వు సరిగా ఉందో లేదో చూసుకో అంటారేమో, చూసుకున్నాను. మోటారు ఆగగానే 'తుస్సు'మని హెడ్డులో గాలి వదిలేస్తోంది. చెక్ వాల్వు కొత్తది వేశాను. నా వైపు పని నేను చేశాను.

ఇంకొకాయన వీఎఫ్‌డీ పెట్టమన్నాడు, అంటే సింగిల్ ఫేజు తీసుకుని మూడు ఫేజులు తయారుచేసి మోటారుకిచ్చే ఎలక్ట్రానిక్ డ్రైవు. ఈయన యూట్యూబు చూసి ఇంజినీరైన బాపతు. 230 వోల్టుల సింగిల్ ఫేజు ఇస్తే మామూలు డ్రైవు నుంచి మూడు ఫేజులు వస్తాయి నిజమే, కానీ వచ్చేది 230 వోల్టులే. స్టార్‌లో (మూడు చుట్ల కొసలు ఒకచోట కలిపి) ఉండే చిన్న మోటారైతే పట్టీలు మార్చి డెల్టా చేసుకుంటే హాయిగా నడుస్తుంది. నాది ముందే డెల్టాలో 415కి చుట్టిన మోటారు. దానికి 230 ఇస్తే టార్కు మూడో వంతుకి పడిపోతుంది. మోటారు మళ్ళీ చుట్టించుకో అంటాడు. సరే, చుట్టించాను అనుకుందాం. 5.5 కిలోవాట్ల పని ఆ ఒక్క ఫేజు వైరు నుంచే లాగాలి కదా, అంటే 30 ఆంపియర్ల పైమాటే. మా ఇంటికి స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు చూశారా మీరు? చూస్తే అలా అనరు.

సోలార్ పెట్టుకోమన్నవాళ్ళు కూడా ఉన్నారు. 3 కిలోవాట్లకి 78,000 సబ్సిడీ వస్తుందట, ఎందుకు వదులుకోవడం అని. సబ్సిడీ నిజమే. లైను మీద ఆధారపడే ఆ ఇన్వర్టరు లైను పోగానే తనూ ఆగిపోతుంది, లేకపోతే స్తంభం మీదున్న లైన్‌మన్ చచ్చిపోతాడు. 3 కిలోవాట్ల ప్యానెళ్ళతో 5.5 కిలోవాట్ల మోటారు తిప్పమంటున్న మీరు పిల్లలకి లెక్కలు చెప్పకండి, అంతే నా మనవి.

డీజిల్ జనరేటర్ సంగతి నేనే చెబుతాను, మీకు శ్రమ వద్దు. మోటారు నేరుగా ఆన్ చేస్తే మామూలు కరెంటుకి ఆరు నుంచి ఎనిమిది రెట్లు ఒక్క క్షణం లాగుతుంది, దాన్ని తట్టుకునేంత పెద్ద జనరేటర్ కావాలి. మోటారుని ముందు స్టార్‌లో కదిలించి తర్వాత డెల్టాకి మార్చే స్టార్-డెల్టా స్టార్టర్ పెడితే అది మూడో వంతుకి దిగుతుంది, స్టార్టర్ కొన్నాను కూడా. అయినా జనరేటర్ కొని, డీజిల్ పోసి, ఆ మోత భరించి, పెరట్లో తుప్పు వదలగొట్టడం కంటే స్కూటర్ కొత్తది కొనుక్కోవచ్చు.

మా సందులో త్రీ ఫేజ్ లేదు అనుకుంటున్నారేమో. ఉండేది! 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి, ఇటు మా గజపతి జిల్లా మీద పడి స్తంభాలన్నీ పడుకోబెట్టింది. తుఫాను మాత్రం బోర్డరు చూసుకోలేదు, రెండు వైపులా సమానంగా కొట్టింది. ఆ తర్వాత కొత్త స్తంభాలు పాతారు. క్రాస్ ఆర్ములు నాలుగు వైర్లకి సరిపోయేవే వేశారు. వైర్లు మాత్రం రెండే లాగారు. మిగతా పింగాణీ కప్పులు ఖాళీగా ఉన్నాయి, వాటి మీద కాకులు కూర్చుంటాయి. కాకులకి ఏ ఫేజు కావాలో అప్లికేషన్ పెట్టారో లేదో తెలీదు.

ఇంక వోల్టేజి. ఇళ్ళకిచ్చే లైనులో 6 శాతానికి మించి అటూ ఇటూ కాకూడదు, అంటే 216 తగ్గకూడదు. సాయంత్రం దీపాలు పెట్టాక నా మల్టీమీటర్ 185 చూపిస్తుంది. గతంలో ఒక స్నేహితుడి దగ్గర 3 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ కంప్రెసర్ అరువు తెచ్చి వాడాను. అది ఆన్ అయినప్పుడల్లా పక్కింటి పెద్దమ్మ గోడ మీంచి తల పెట్టి "బాబూ, సీరియల్లో కోడలు ఏటందో వినబళ్ళేదురా" అనేది. ఆవిడ తప్పేముంది. ఒకే ఫేజు మీద సందు మొత్తం వేలాడుతుంటే అంతే. మూడు ఫేజులిస్తే ఆ బరువు మూడింటి మీదా సమానంగా పడి పెద్దమ్మ కోడలి మాట కూడా వింటుంది. త్రీ ఫేజ్ అడిగేవాడు లైనుకి మేలు చేస్తున్నాడు, ఇది ఆఫీసులో వాళ్ళకి నేను చెప్పాలా?

చెప్పాను. రూలు కూడా చెప్పాను, కడుపుమంట కొద్దీ. కేంద్రం 2020లో కరెంటు వినియోగదారుల హక్కుల రూల్సు తెచ్చింది. 150 కిలోవాట్ల వరకూ సైటుకొచ్చి కొలిచి ఎస్టిమేటు వేసే తతంగం లేకుండా, లోడు, రకం చూసి ఛార్జీ కట్టించుకోవాలని అందులోనే ఉంది. 2024లో సవరించి గడువులు కూడా తగ్గించారు, పల్లెల్లో 15 రోజులు, కొండ ప్రాంతమైతే 30. మహేంద్రగిరి మా జిల్లాలోనే ఉంది కాబట్టి పోనీ మాది కొండ ప్రాంతమే అనుకుందాం, 30 రోజుల్లోనే ఇవ్వండి అన్నాను. ఇంటి మీటరు మీద వద్దు, వేరే మీటరు పెట్టండి, ఏ కేటగిరీలో వేస్తే ఆ రేటే కడతాను అని కూడా అన్నాను. దొంగ కరెంటు అడిగితే ఇంత కష్టముండదేమో. మా చుట్టుపక్కల కొక్కెం తగిలించి వెల్డింగు చేసుకుంటున్నవాణ్ణి ఎవడూ "ఎందుకండీ" అని అడగడు.

అప్పుడన్నాడు ఆ కౌంటర్ పెద్దమనిషి ఆ మాట. అసలు నాకు కాలింది దానికే, ఇంతసేపూ మోటారు గురించి రాసినా.

"మీ ఆంధ్రాలో కరెంటు ఫ్రీ కదా, అక్కడే షెడ్డేసుకోండి."

ఒడియాలో అన్నాడు. నేనూ ఒడియాలోనే జవాబిచ్చాను, వాళ్ళకన్నా బాగానే మాట్లాడతాను. మీ ఆంధ్రా ఏమిటి? మా తాత పుట్టింది ఈ ఊళ్ళో. నా ఓటు ఇక్కడ, నా రేషన్ ఇక్కడ, పట్టా కాగితం ఒడియాలో ఉంది. ఫ్రీ అంటున్నది 2004 నుంచీ పొలం మోటార్లకి ఇచ్చేది, కంప్రెసర్లకి కాదు, అక్కడా మీటరు తిరుగుతుంది, బిల్లు వస్తుంది. ఇవన్నీ చెప్పాను. వెనక లైన్లో ఉన్నవాళ్ళు నవ్వారు. నవ్వినవాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు, అది ఇంకా బాగుంది.

మహేంద్రతనయ దాటి పాతపట్నం వెళితే అక్కడ మర్యాదలు వేరు. స్టార్టర్ కొనడానికి వెళ్ళినప్పుడు షాపులో కుర్రాడు బిల్లు రాస్తూ "మీ ఒరిస్సావాళ్ళు గారంటీకి మళ్ళీ రారు కదా" అన్నాడు. అటు వెళితే ఒరిస్సా, ఇటు వస్తే ఆంధ్రా. మేం మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు, 1936 ఏప్రిల్ 1న ఒరిస్సాని వేరే రాష్ట్రం చేసి గీత గీసింది తెల్లదొరలు. గిడుగు రామమూర్తి అంతటివాడు ఇక్కడ ఉండి సవరల భాషకి వ్యాకరణం, నిఘంటువు చేసిపెట్టి, పర్లాకిమిడిని ఒరిస్సాలో కలిపారని అదే ఏడు రాజమండ్రి వెళ్ళిపోయాడు. ఆయన వెళ్ళగలిగాడు. మా తాతకి రాజమండ్రిలో ఎవరున్నారు? ఏటా ఆగస్టు 29న ఆయన పుట్టినరోజుకి తెలుగు భాషా దినోత్సవం అని విజయవాడ నుంచి హైదరాబాదు దాకా దండలేస్తారు, మైకులు పెడతారు. ఆయన ఊళ్ళో పక్కింటి పెద్దమ్మ కరెంటు బిల్లు చదువుకోలేక నా దగ్గరికి వస్తుంది. ఆ మైకులవాళ్ళలో ఒక్కరైనా ఎప్పుడైనా అడిగారా అక్కడున్న తెలుగువాళ్ళ సంగతేమిటని?

ఈ ఫారమే తీసుకోండి. ఒడియాలో ఒక వైపు, ఇంగ్లీషులో ఒక వైపు. తెలుగు మీడియంలో చదువుకున్న మా తరం పెన్ను పట్టుకుని ఎవడి మొహమో చూడాలి. జిరాక్స్ షాపువాడు ఫారం నింపడానికి డబ్బులు తీసుకుంటాడు, దానికి మాత్రం లోడు శాంక్షన్ అక్కర్లేదు.

కొరాపుట్ జిల్లాలో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం ఉంది. 1955 నుంచీ రెండు రాష్ట్రాలూ కలిసి కరెంటు తీసుకుంటున్నాయి, 120 మెగావాట్లు. నదిని పంచుకున్నారు, కరెంటు పంచుకున్నారు, ఇంజినీర్లు కలిసి కూర్చున్నారు. మెగావాట్ల దగ్గర అన్నదమ్ములు. 5.5 కిలోవాట్ల దగ్గరికొచ్చేసరికి "మీ ఆంధ్రా". అదే జిల్లా సరిహద్దులో ఉన్న కొటియా ఊళ్ళవాళ్ళే నయం, ఆ ఊళ్ళ కోసం రెండు రాష్ట్రాలూ మావే అంటే మావే అని కొట్టుకుంటాయి, అటు ఓటు, ఇటు ఓటు, పోటీ పడి రోడ్లు, పథకాలు. మా ఊరి మీద కూడా ఎవరైనా సుప్రీంకోర్టులో కేసు వెయ్యండి బాబూ, పుణ్యముంటుంది. అప్పుడైనా అటో ఫేజు, ఇటో ఫేజు వస్తాయేమో, ఉన్నదానితో కలిపి మూడవుతాయి.

సరే, పనికొచ్చే ముక్క. గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం వైపు ఇంటి షెడ్డుకి త్రీ ఫేజ్ తెచ్చుకున్నవాళ్ళు ఉంటే కింద చెప్పండి. ఏ కేటగిరీలో ఇచ్చారు, వైరు ఖర్చు మీ మీద వేశారా లేదా, తిప్పి పంపితే కాగితం మీద రాసిమ్మని అడిగారా, అడిగితే ఇచ్చారా. సోమవారం మళ్ళీ వెళుతున్నాను, ఈసారి రిజిస్టర్ పోస్టు రసీదు కూడా పట్టుకుని. కెపాసిటర్ పెట్టమని కామెంటు పెట్టినవాళ్ళని, మా బావమరిదితో సహా, బ్లాక్ చేస్తాను.