సవరణ: ఎండకు బుల్లెట్ పైకి లేవదు

ఇంగ్లండ్‌లోని బిస్లీ షూటింగ్ రేంజ్ మీద మొన్న రాసిన పోస్టులో, మబ్బు తొలగి ఎండ కాస్తే వెయ్యి గజాల దూరంలో బుల్లెట్ పైకి పోతుందన్నాను. అది తప్పు. వెలుతురు బుల్లెట్‌ను కదిలించదు. మారేది మన కంటికి కనబడే తీరు.

పాతకాలపు తెరిచిన సైట్ (అద్దం లేకుండా గురి చూసే ముక్క) ఉన్న రైఫిల్ తీసుకోండి. కుడివైపు నుంచి ఎండ పడితే బారెల్ చివరి సైట్ కుడి అంచు తళుక్కుమంటుంది. కన్ను ఆ మెరుపునే సైట్ అనుకుని మధ్యకు తెస్తుంది. అసలు సైట్ ఎడమకు జరుగుతుంది, గుండూ ఎడమకే పోతుంది. అందుకే షూటర్లు సైట్‌కు దీపం మసి పట్టించేవారు. చూడ్డానికి చిన్న పనే గానీ, ఎంత తెలివైనదో!

ఎండమావి సంగతి వేరు. నేల వేడెక్కి గాలి అలలాడితే టార్గెట్ బొమ్మే పక్కకు జరిగినట్టు కనబడుతుంది. గాలి నిలిచిపోతే పైకి తేలినట్టుంటుంది. నేను పొరబడింది ఇక్కడే: బొమ్మ తేలడాన్ని బుల్లెట్ లేవడం అనుకున్నాను.

ఒక్క మినహాయింపు: తూటాలను ఎండలో వదిలేస్తే లోపలి మందు వేడెక్కి వేగం పెరుగుతుంది, అప్పుడు గుండు నిజంగానే కాస్త పైన తగులుతుంది. అది వేడి పని, వెలుతురుది కాదు. నా మాట నమ్మి సైట్ తిప్పినవాళ్లుంటే మన్నించండి.