పొన్‌ఫెర్రాదా కోటకు ఒక మోకాళ్ళ నొప్పి మనిషి విన్నపం

టెంప్లార్ల కోట గారికి,
సిల్ నది ఒడ్డు, పొన్‌ఫెర్రాదా, స్పెయిన్.

అయ్యా,

నిన్న సాయంత్రం మీ ఎదురుగా కూర్చుని, మిమ్మల్ని చూడకుండా అరికాలి బొబ్బల్ని చూసుకున్నవాణ్ణి నేనే. అపచారం అనుకోకండి. శాంతియాగో అనే క్రైస్తవ పుణ్యక్షేత్రానికి నడిచేవాళ్ళు మీ ఊరు చేరేసరికి అలాగే ఉంటారు.

అలిపిరి మెట్లు 3,550 ఎక్కానని నాకు కాస్త పొగరుండేది. మోకాళ్ళ పర్వతం అంటే ఎక్కేదే అనుకున్నాను. మీ దగ్గర అది దిగేటప్పుడు వస్తుంది. సుమారు 1,500 మీటర్ల ఎత్తున, ఇనుప శిలువ దగ్గర, అందరిలాగే ఇంటి నుంచి మోసుకొచ్చిన రాయి వదిలాను. బరువు దిగింది కదా అని సంబరపడ్డాను. అక్కణ్ణించి మొలినసేకా ఊరి దాకా దారంతా రాళ్ళే. ఒకటి వదిలినందుకు వడ్డీతో సహా తిరిగిచ్చారు.

చివరికి మీరు కనిపించారు. 1178లో రెండో ఫెర్నాండో రాజు ఈ ఊరిని టెంప్లార్లనే క్రైస్తవ యోధ సన్యాసులకు అప్పగించింది యాత్రికుల్ని కాపాడమనేనట. అప్పుడు దొంగల భయం. ఇప్పుడు మా శత్రువు సత్రంలో పై బెర్తు మీద గురకపెట్టే పెద్దాయన. ఆయన్ని ఆపే బురుజు మీ దగ్గర ఉందా? లేదు. పైగా లోపలికి రావాలంటే టికెట్టు, వచ్చాక మళ్ళీ మెట్లు!

ఇంకో మాట. టెంప్లార్ల సంఘాన్ని పోపు 1312లోనే రద్దు చేశాడు. ఇవాళ ఫొటోల్లో పడే గోడలు చాలావరకు ఆ తర్వాత లేమోస్ ప్రభువు కట్టించినవి. అయినా ఫ్రిజ్ మీద అంటించుకునే బొమ్మల్లో కూడా టెంప్లార్లే. సొమ్మొకడిది, సోకొకడిది.

నిజం చెప్పాలంటే నాకు నచ్చింది మీరు కాదు, మీకన్నా ముందటి మనిషి: 11వ శతాబ్దపు అస్తోర్గా బిషప్పు ఓస్ముందో. నడిచేవాళ్ళు నది దాటలేకపోతున్నారని వంతెన వేయించి, ఇనుముతో గట్టిపరిచాడు. ఊరి పేరుకు అర్థమే ఇనుప వంతెన. ఆ ఇనుములో రెండు ముక్కలు ఎక్కడైనా మిగిలుంటే చెప్పండి, మోకాలికొకటి వేయించుకుంటాను. శాంతియాగో ఇంకా 200 కిలోమీటర్లుంది.

ఇట్లు,
మీ గోడ నీడలో బూట్లు విప్పిన యాత్రికుడు

తా.క. కందకం పక్కన రాతి మీద ఆరేసిన సాక్సులు నావే. శత్రువులు దగ్గరికి రారు, నాదీ హామీ.